ముక్క డబ్బా

పోయిన దసరాకు హన్మకొండ పోయినప్పుడు, గునుగు పూలకు రంగు అద్దుతూ మా చిన్నమ్మ అడిగింది: "ఇంగ్లండుల నువ్వు చేసే పనేందో ఒక్కసారి సక్కగ చెప్పురా. మీ అమ్మనడిగితే ఫ్రిజ్జుల కాడ కావలి అంటది."

అమ్మ చెప్పింది పెద్ద తప్పేం కాదు. మాంచెస్టర్‌లో ఒక దవాఖాన బయోబ్యాంకులో టెక్నీషియన్‌ని. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ముక్కలు, రక్తం గొట్టాలు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో దాస్తాను. పరిశోధన చేసేవాళ్లు అడిగితే తీసిస్తాను. దినానికి రెండు గంటలే చేతిపని. మిగతాదంతా లెక్కలే: ఏ గొట్టం ఏ అరలో, ఏ పెట్టెలో, ఏ గడిలో ఉంది, దాని వెనక ఎవరి ఒప్పుకోలు కాగితం ఉంది. ఆడిట్ వచ్చినవాళ్లు ఏదో ఒక గొట్టం పైకి తీసి "దీని కాగితం చూపించు" అంటారు. లేదా కాగితం చూపి "దీని గొట్టం ఎక్కడ" అంటారు. రెండు వైపుల నుంచీ లెక్క కలవాలి.

చేరిన రెండో ఏడు ఒకసారి కలవలేదు. ఆ కాగితంలో ఒక్కో వాక్యం పక్కన ఒక చిన్న గడి ఉంటుంది, రోగి తన పేరు పొడి అక్షరాలు రాయాలి. ఒకాయన అన్ని గడులూ నింపి "ముందు ముందు వేరే పరిశోధనలకు వాడుకోవచ్చు" అన్నది ఖాళీగా వదిలేశాడు. మరిచాడో, కావాలనే వదిలాడో. అడుగుదామంటే మనిషి లేడు. మొదటి పరిశోధన అయిపోయింది, మిగిలిన ముక్కలు పదకొండు. అరుదైన రకం కణితి, వాటి కోసం ఇంకో బృందం ఎదురు చూస్తోంది. కాల్చడానికి పంపే డబ్బాలో నా చేతులతోనే వేశాను. ప్రాణం ఉసూరుమంది. "ఒక్క గడి కోసమా?" అన్నాను. పక్కన పనిచేసే పెద్దావిడ నా వైపు చూసి "మాది లివర్‌పూల్" అని మాత్రం అంది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. లివర్‌పూల్‌లో ఆల్డర్ హే అని పిల్లల దవాఖాన ఉంది. 1988 నుంచి 1995 దాకా అక్కడ శవపరీక్ష చేసిన పిల్లల అవయవాలు తీసి దాచిపెట్టారు. 2001లో విచారణ నివేదిక వచ్చేసరికి 2,000కు పైగా సీసాలు, దాదాపు 850 మంది శిశువులవి. ఎక్కువ భాగం పరిశోధనకు అక్కరకే రాలేదు. కొందరు తల్లిదండ్రులు కాగితం మీద సంతకం పెట్టినవాళ్లే. కానీ అందులో "టిష్యూ" అని ఉంటే గోరంత ముక్క అనుకున్నారు, గుండెకు గుండె తీస్తారని అనుకోలేదు. తర్వాత ఒక్కో అవయవం తిరిగి వస్తుంటే ఒకే బిడ్డకు రెండు సార్లు, మూడు సార్లు అంత్యక్రియలు చేసినవాళ్లున్నారు.

అప్పటిదాకా ఉన్న 1961 చట్టం ప్రకారం, ఇంటివాళ్లకు అభ్యంతరం ఉందా అని కాస్త విచారిస్తే చాలు. 2004లో కొత్త చట్టం తెచ్చి 2006 సెప్టెంబర్ 1 నుంచి అమలు చేశారు. అభ్యంతరం లేకపోవడం కాదు, ఒప్పుకోలు ఉండాలి. తప్పితే మూడేళ్ల దాకా జైలు. బిల్లు మొదట వచ్చినప్పుడు ఆపరేషన్‌లో మిగిలిన ప్రతి ముక్కకూ ఒప్పుకోలు కావాలన్నట్టే ఉంది. పరిశోధకులు మొత్తుకుంటే కొంత సడలించారు. మనిషి బతికుండగా తీసిన ముక్కయితే, అది ఎవరిదో పరిశోధకుడికి తెలియకుండా చేసి, పరిశోధన మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ సరేనంటే, ఒప్పుకోలు లేకున్నా వాడుకోవచ్చు. ఇది మంచి సడలింపే అని నా లెక్క. మా పదకొండు ముక్కలకు మాత్రం అది పనికిరాలేదు. గడి పెట్టి అడిగి, జవాబు రానప్పుడు, పక్కదారిన పోవడానికి మా కమిటీ ఒప్పుకోలేదు.

ముక్కలు దాచడానికి ఆ చట్టం లైసెన్సు అడుగుతుంది. బతికున్నవాళ్ల వెంట్రుకలు, గోళ్లు ఆ లెక్కలోకి రావు. "అయితే యాములాడ రాజన్న గుండుకు లైసెన్సు అక్కర్లేదన్నట్టు" అని చిన్నమ్మ నవ్వింది.

అమ్మ నవ్వలేదు.

2014లో వరంగల్‌లో అమ్మకు గర్భసంచి తీశారు. థియేటర్ తలుపు సందులోంచి నర్సమ్మ ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టి "ముక్క పరీక్షకు ఇచ్చి రా, జల్ది" అంది. మూత చుట్టూ ప్లాస్టరు, దాని మీద బాల్‌పెన్నుతో అమ్మ పేరు, ఆ పేరులోనూ ఒక అక్షరం తప్పు. ఎంజీఎం ముందు షేరింగ్ ఆటో ఎక్కి, డబ్బా ఒళ్లో పెట్టుకుని హన్మకొండ చౌరస్తా దాకా కూర్చున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా లోపల నీళ్లు కదిలేవి. ఫార్మాలిన్ ఘాటుకు పక్కనున్నాయన ముక్కు మూసుకుని "ఏందది?" అన్నాడు. "మందులు" అన్నాను. ల్యాబులో పేరు, వయసు, పైసలు, అంతే. నాలుగో రోజు రిపోర్టు బాగానే వచ్చింది. మిగిలింది ఏమైందో అడగాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

మా దవాఖానది కాక, దేశమంతటి నుంచి జనం రక్తం, ఆరోగ్య వివరాలు పరిశోధనకు సేకరించిన యూకే బయోబ్యాంకు అని ఒకటుంది. అందులో చేరిన 5 లక్షల మందిలో 94 శాతం తెల్లవాళ్లే. మాంచెస్టర్ తెలుగువాళ్ల బతుకమ్మలో ఆ మాట ఎత్తితే "మన రక్తం వాళ్లకెందుకు, అమ్ముకుంటరు" అన్నాడు ఒకాయన, సాఫ్ట్‌వేరులో పెద్ద ఉద్యోగం. మన షుగరు గురించి మన రక్తం చూడకుండా ఎట్లా తెలుస్తుందని వాదించాను. ఆయనకు నేను చెప్పింది ఎక్కలేదు. ఇక్కడ ఆటోలో డబ్బా మోసినవాణ్ణి, నాకూ ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయ బుద్ధి కాలేదు.

అమ్మ తంగేడు కట్ట పక్కన పెట్టింది.

"మరి నా ముక్క ఏం చేసిండ్రురా?"

"ఏమోనమ్మా. మైనంల పోసి కొన్నేండ్లు దాస్తరు. తర్వాత పారేస్తరేమో."

"నన్నెవ్వలు అడగలే గద."

"ఆపరేషన్ ముందు కాయితం ఉంటదమ్మా. అండ్ల దస్కతు పెట్టాలె."

"పెట్టింది నువ్వే గదరా. నేను పక్కనే పండుకొని ఉన్న, తెలివితోనే ఉన్న. ఏం రాసున్నదో సదివినవా?"

"లేదు" అన్నాను.