నల్లి ఎక్కడికీ వెళ్ళలేదు

"అమ్మా, ఆ నల్లి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళింది పక్షి."

తెలుగు క్లాసుకు రానని మొండికేసిన పిల్ల మాట ఇది. వానకోయిల (బార్న్ స్వాలో) ఈకల్లో బతికే నల్లులు ఆఫ్రికా నుంచి యూరప్ దాకా వచ్చినా తమ పక్షిని వదలవు, చూశావా, అని పది నిమిషాలు ఇచ్చిన ఉపన్యాసం దాంతో గాలికి పోయింది. గొడవంతా ఇంగ్లీషులోనే జరిగిందని వేరే చెప్పాలా! నీతి కోసం సైన్సును వంచితే ఇంతే. కనుక వంచకుండా చెబుతాను.

ఈకనల్లి (ఫెదర్ మైట్) మంచపు నల్లి కాదు, సాలీడుకు చుట్టం, ఎనిమిది కాళ్ళు, పొడవు అర మిల్లీమీటరు దాటడం అరుదు. రక్తం తాగదు, ఈకను కొరకదు. ఈక మీది నూనె, దానికంటిన బూజు, బాక్టీరియా దాని తిండి. పేను అనుకుని మందు కొట్టే పని లేదు. వానకోయిల మీద ట్రూయెస్సార్షియా క్రూసిఫెరా, ట్రూయెస్సార్షియా అపెండిక్యులాటా అనే రెండు జాతుల ఈకనల్లులు ఉంటాయి. దాని చుట్టమే అయిన, నడుము తెల్లగా ఉండే హౌస్ మార్టిన్ అనే పక్షి మీద అదే ప్రజాతిలోని మైన్యూటిపెస్. రెండు పక్షులూ ఒకే ఆకాశంలో పురుగులు పట్టినా నల్లులు వేరు.

సగం కారణం అవకాశం. నల్లికి రెక్కల్లేవు, ఒంటికి ఒళ్ళు తగిలితేనే ఇంకో పక్షికి చేరుతుంది, అదీ ఎక్కువగా గూట్లో, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు. మిగతా సగం అమరిక: ఈక పోగుల సందులో ఒదిగే ఒళ్ళు, ఎగిరేటప్పుడు జారిపోనివ్వని కాళ్ళు. పరాయి గూట్లో పెరిగే కోకిలల మీద (పేరులో కోయిల ఉన్నా వానకోయిలకు వీటితో చుట్టరికం లేదు) పెద్దయ్యాక ఉండేవి కోకిల నల్లులే, తనవాళ్ళను కలిసినప్పుడు అంటినవి. ఇది కూడా పిల్లకు చెప్పబోయి మింగేశాను.

చూడాలంటే, గుర్తు కోసం పక్షి కాలికి రింగులు వేసే లైసెన్సున్నవాళ్ళు పక్షిని పట్టినప్పుడు రెక్క విప్పి వెలుతురుకు ఎదురుగా పెట్టాలి. పోగుల వెంట దుమ్ముచుక్కల వరసల్లా కనిపిస్తాయి. 10 రెట్ల భూతద్దం చాలు. రెక్క చివరి 9 పెద్ద ఈకల్లో ఒక్కొక్కదాని మీది నల్లుల్ని విడిగా లెక్కపెట్టాలి. ఆల్కహాల్లో తడిపిన దూదిపుల్లతో తీసి ఆల్కహాల్ సీసాలోనే దాచాలి. పేరు తేల్చాలంటే లాక్టిక్ ఆమ్లంలో ఒళ్ళు తేటపరిచి స్లైడు చెయ్యక తప్పదు. నేల మీద దొరికిన ఈక చూసి "నల్లుల్లేవు" అనేయకండి. రాలబోయే ఈకను అవి ముందే ఖాళీ చేస్తాయి.

అసలు పొరపాటు పట్టిన పక్షిని ఉంచే గుడ్డసంచిది. రెండు జాతుల పక్షుల్ని ఒకదాని తర్వాత ఒకటి అదే సంచిలో పెడితే మొదటిదాని నల్లి రెండోదానికి ఎక్కుతుంది, కాగితం మీద కొత్త కాపురం పుడుతుంది. పక్షికో సంచి ఉండాలి. గుడ్లూ, పిల్లలూ, పెద్దవీ కలిసి కనిపిస్తేనే కాపురం. ఒక్కటే ఉంటే చుట్టపుచూపు. మా ఇంట్లో తెలుగు ఈ రెంటిలో ఏదో లెక్క వెయ్యబోయి ఆగిపోయాను.

వానకోయిలకూ హౌస్ మార్టిన్‌కూ పుట్టిన సంకరం పిల్లలు యూరప్‌లో అప్పుడప్పుడూ దొరుకుతాయి. ఆ గూట్లో అమ్మవీ నాన్నవీ రెండు రకాల నల్లులూ ఎక్కే వీలుంది. నిలిచేవి ఏవో ఆ పిల్ల ఈకను బట్టి ఉంటుంది, తల్లి ఉపన్యాసాన్ని బట్టి కాదు. అలాంటి పక్షి నుంచి తీసిన సీసా మీద మాత్రం తల్లిదండ్రుల జాతుల పేర్లు రెండూ రాయాలి, మధ్యలో ఇంటూ గుర్తుతో.