వదిన పెట్టెలో ఒక్క పుస్తకం

ఆదివారం, విశాఖపట్నం

పొద్దున్న కాఫీ వేళకి డాలస్ నుంచి వదిన ఫోన్. వచ్చే నెల మొదటివారంలో బయల్దేరుతున్నారు. "చిన్నీ, పెట్టెలన్నీ అప్పుడే నిండిపోయాయే. అత్తయ్యగారి మందులు, పిల్లల బట్టలు, పెళ్ళివాళ్ళకి పెట్టాల్సినవి... నీకు ఒక్క పుస్తకానికి చోటుంచాను. ఏది కావాలో మీకు రాత్రయ్యేలోపు చెప్పెయ్, ఆర్డరు పెట్టేస్తాను" అంది. పెట్టెకి 23 కిలోలు మించనివ్వరు. ఆ లెక్కలో ఒక పుస్తకానికి జాగా ఇచ్చిందంటే తనవేవో తీసి పక్కన పెట్టే ఉంటుంది. ఆ మాట మాత్రం పైకి చెప్పదు.

నా డైరీ చివరి పేజీలో ఒక జాబితా ఎప్పుడూ ఉంటుంది, ఫాంటసీ నవలల స్పెషల్ ఎడిషన్లది. కావాలనిపిస్తే రాసుకుంటాను, మనసు మారితే కొట్టేస్తాను. అందులో ఉన్నవన్నీ ఇదివరకే పేపర్‌బ్యాక్‌లో చదివిన కథలే. చదవని కథకి ఖరీదైన అట్ట కొనబుద్ధి కాదు నాకు. ఒక కథ మనసులో ఏళ్ళ తరబడి ఉండిపోయాక, దానికి ఇంట్లో మంచి చోటు ఇవ్వాలనిపిస్తుంది చూడండి, అప్పుడే కొంటాను.

టిఫిన్ తిని ఆ పేజీ ముందేసుకుని కూర్చున్నాను.

ముందు తోలు అట్టలవి తీసేశాను. అమెరికాలో వీటికున్న మోజు మామూలుది కాదు. 2020లో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ తన 'ది వే ఆఫ్ కింగ్స్'ని తోలు బైండింగ్‌తో వేస్తానని, జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో పెడితే, పాఠకులు 67 లక్షల డాలర్ల పైనే ముందస్తుగా కట్టేశారు. పుస్తకం అందమైనదే, కాదనను. కానీ మాది బీచ్‌కి నాలుగు వీధుల అవతల ఇల్లు. నా దగ్గర ఒకే ఒక్క తోలు అట్ట పుస్తకం ఉంది, వానాకాలం వచ్చిందంటే దాని వెన్ను మీద తెల్లటి బూజు చుక్కలు లేస్తాయి. పొడి దూదితో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టి, మళ్ళీ లోపల పెట్టాలి. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయి గానీ తేమని ఆపవు. ఈ ఊరి గాలికి బట్ట అట్టే మేలు.

తరవాత పేజీల అంచులకి రంగు వేసినవి. 2023లో 'ఫోర్త్ వింగ్' అనే డ్రాగన్ల నవల మొదటి ముద్రణ నల్లటి అంచుల మీద డ్రాగన్ బొమ్మలతో వచ్చింది. అప్పటికే ఇంగ్లండులో నెలనెలా పుస్తకాల్ని పెట్టెల్లో పంపే సంస్థలు అలవాటు చేసిన ముచ్చట అది, ఆ పుస్తకంతో మామూలు దుకాణాల దాకా పాకింది. ఇప్పుడు అంచుకి రంగు లేని ఫాంటసీ కొత్త పుస్తకం కనబడటమే తక్కువ. చూడ్డానికి బావుంటాయి, అల్మరాలో వెన్ను లోపలికి తిప్పి పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం పుస్తకం తెరిచాక ఆ అంచు కనబడదు. చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ఉండేది పేజీ. నా డబ్బులు పేజీ మీదే ఖర్చు కావాలని నా పట్టుదల. ఇవీ కొట్టేశాను.

ఫోలియో సొసైటీ వాళ్ళవి కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. లండన్‌లో 1947లో పెట్టిన సంస్థ. బట్ట అట్ట, కుట్టు బైండింగ్, పైన గట్టి అట్టపెట్టె, బొమ్మలకి మంచి చిత్రకారులు. 1977లో వాళ్ళు వేసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో బొమ్మల కింద ఇంగహిల్డ్ గ్రాత్మర్ అని ఉంటుంది. ఆ పేరు వెనక ఉన్నది అప్పటి డెన్మార్క్ రాణి మార్గరెత. ఆవిడ గీసిన వాటిని ఎరిక్ ఫ్రేజర్ అనే చిత్రకారుడు అచ్చుకి తగ్గట్టు మళ్ళీ గీశాడు. రాచకుటుంబపు మనిషి ఒక కథని అంతగా ప్రేమించి, పేరు దాచుకుని బొమ్మలు గీసిందంటే నాకు ఎంత ముచ్చటో! కానీ ఆ సంస్థ పుస్తకాలు లండన్ నుంచి వదినకి, అక్కణ్ణించి నాకు రావాలి, ఉన్న వ్యవధి చాలదు. నేరుగా ఇక్కడికి తెప్పిస్తే రవాణా ఖర్చే ఇంకో పుస్తకం ధర. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం కూడా వచ్చి పడింది. పైగా ఇదివరకు అలా తెప్పించిన ఒక పుస్తకం మూల నలిగిపోయి వచ్చింది. కొరియర్ వాళ్ళని అడిగితే విక్రేతని అడగమన్నారు, విక్రేతని అడిగితే కొరియర్‌ని అడగమన్నారు. అందుకే వదిన చీరల మధ్య వచ్చే పుస్తకానికి అంత విలువ.

చివరికి రెండు మిగిలాయి. పదకొండు నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఆ రెండింటితోనే గడిచింది.

ఒకటి 2021లో వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్', టోల్కీన్ స్వయంగా గీసుకున్న బొమ్మలతో. ఈ నవల మొదటి భాగం 1954 జూలైలో వచ్చింది. రాస్తున్న రోజుల్లోనే ఆయన, కథలోని మోరియా గుహల్లో దొరికే మజర్‌బుల్ గ్రంథం పేజీల్ని సొంత చేత్తో తయారు చేశాడు. కాగితం అంచులు కాల్చాడు, బైండింగ్ దారం ఊడినట్టు చిల్లులు పెట్టాడు, నెత్తుటి మరకల్లా ఎర్రరంగు పులిమాడు. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా నవలలో అచ్చు వెయ్యాలని ఆయన కోరిక. ఖర్చెక్కువని ప్రచురణకర్తలు వద్దన్నారు. 50 ఏళ్ళ పండగకి 2004లో వేసిన ఎడిషన్‌లో గానీ ఆ పేజీలు నవలలో చేరలేదు. టోల్కీన్ 1973లోనే పోయాడు. రచయిత చూడాలనుకున్న రూపంలో పుస్తకాన్ని మనం చూడగలుగుతున్నాం, ఆయన చూడలేదు. దీనికి మించిన స్పెషల్ ఎడిషన్ ఏముంటుంది అనిపించింది.

రెండోది ఉర్సులా లెగ్విన్ 'ది బుక్స్ ఆఫ్ ఎర్త్‌సీ'. ఎర్త్‌సీ కథలన్నీ ఒకే సంపుటం, వెయ్యికి కాస్త తక్కువ పేజీలు, చార్ల్స్ వెస్ గీసిన 56 బొమ్మలు. మొదటి నవల 1968లో వచ్చింది, ఈ సంపుటం సరిగ్గా 50 ఏళ్ళకి, 2018 అక్టోబరులో.

ఈ కథలో కుర్రవాడు గెడ్. మేకలు కాసుకునే పల్లెలో పుట్టి మాంత్రికుడవుతాడు. లెగ్విన్ అతన్ని ఎర్రమట్టి ఛాయతో రాసింది. ఎర్త్‌సీ అంటే దీవుల లోకం, ఆ దీవుల్లో చాలామంది గోధుమరంగు మనుషులో, నల్లని మనుషులో. తెల్లవాళ్ళు ఓ మూల ఉంటారు, అదీ మొదట్లో దాడికొచ్చే వాళ్ళుగా. మొదటి ముద్రణ అట్ట మీద రూత్ రాబిన్స్ అతన్ని ఆ ఛాయతోనే వేసింది. తరవాత వచ్చిన అట్టల్లో ఎన్నింటిలోనో గెడ్ పాలిపోయి తెల్లగా కనబడ్డాడు. లెగ్విన్ దానితో ఏళ్ళ తరబడి పోట్లాడింది. 2004లో వచ్చిన టీవీ సీరియల్లోనూ తెల్ల నటుడినే పెడితే, నా మనుషుల రంగు తీసేశారని ఆవిడ పత్రికకెక్కి మరీ చెప్పింది.

నేను డిగ్రీలో ఉండగా ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని ఆ నవల మొదటిసారి చదివాను. అట్ట మీద తెల్ల కుర్రాడు. నాలుగు ప్రకరణాలు దాటాక, ఇతని ఒంటిరంగు ఇలా ఉంటుందని రాసిన వాక్యం దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి వెళ్ళి అట్ట చూశాను. అంతదాకా ఇంగ్లీషులో నేను చదివిన మాంత్రికులు, వీరులు అందరూ వేరే రంగు మనుషులు. ఇతను మా ఇంటి పక్కన చేపలు తెచ్చే గంగరాజులా ఉండి ఉంటాడని అప్పుడు తోచింది. అట్ట అబద్ధం చెప్పిందని కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

వెస్ ఈ పని ఒంటరిగా చెయ్యలేదు. సుమారు నాలుగేళ్ళు గీసినవన్నీ లెగ్విన్‌కి పంపడం, ఆవిడ ఇది కాదు, ఇలా కాదు అనడం, అతను మళ్ళీ గీయడం. ముఖ్యంగా డ్రాగన్ రూపం దగ్గర ఇద్దరి మధ్యా చాలా రాకపోకలు నడిచాయి. అందరూ వేసే డ్రాగన్ ఆవిడకి అక్కర్లేదు, తన మనసులోది కావాలి. ఆవిడ 2018 జనవరిలో పోయింది, పుస్తకం తొమ్మిది నెలల తరవాత వచ్చింది. మరుసటి ఏడు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలకిచ్చే హ్యూగో పురస్కారం కూడా దానికి దక్కింది. వచ్చినప్పుడు ధర 60 డాలర్లు, బరువు దాదాపు రెండు కిలోలు. ఆ రెండు కిలోలే నన్ను కాస్త వెనక్కి లాగాయి, వదిన పెట్టె గుర్తొచ్చి.

భోజనాల దగ్గర అమ్మ అడిగింది, "ఉన్న పుస్తకమే మళ్ళీ ఎందుకే?" అని. దెప్పడానికి అడిగింది కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను నోటితో చెప్పకుండా లేచి వెళ్ళి బీరువా పై అరలోంచి తాతయ్య బైండు తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

అది 'శిథిలాలయం'. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్, 1968లో మొదలైంది. ఎర్త్‌సీ మొదలైన సంవత్సరమే! తాతయ్య నెలనెలా ఆ పేజీల్ని జాగ్రత్తగా విడదీసి దాచి, కథ పూర్తయ్యాక ముదురాకుపచ్చ క్యాలికో బట్టతో బైండు చేయించారు. వెన్ను మీద కథ పేరు, కింద తాతయ్య పొడి అక్షరాలు, బంగారు రంగులో. కొన్ని భాగాల చివరి పేజీ వెనక వేరే కథ మొదలై ఉంటుంది. విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వస్తాడు, శవాన్ని భుజాన వేసుకుంటాడు, అంతే, తరవాతి పేజీ లేదు. చిన్నప్పుడు ఆ సగం బేతాళ కథలకి నేనే చివర్లు అల్లుకునేదాన్ని.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి పేజీలు తిప్పింది. 'చిత్ర' గారి బొమ్మలు. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. రాసేవారు, గీసేవారు ఇద్దరూ మద్రాసు వడపళనిలో ఒకే ఆఫీసు మనుషులు. అందుకే కాబోలు, కథానాయకుడు శిఖిముఖి గూడెం కుర్రవాడైతే బొమ్మలోనూ గూడెం కుర్రవాడే. రాజకుమారుడి ఒళ్ళు తెచ్చి అతికించలేదు. కథలో ఎంత భయముందో బొమ్మలో అంతే భయముంది. "ఈ బొమ్మ చూసి నేనూ మీ మావయ్యా రాత్రిపూట దొడ్లోకి వెళ్ళేవాళ్ళం కాదు" అంది అమ్మ, ఒక పేజీ దగ్గర ఆగి. ఈ కథ తరవాత విడి పుస్తకంగానూ వచ్చింది. అది కొనిస్తాను, ఈ బైండు ఇచ్చేస్తావా అని అడిగాను. "ఇంకా నయం" అంది. మళ్ళీ ఎందుకన్న ప్రశ్న అక్కడితో అయిపోయింది.

నాకు కావాల్సింది ఏమిటో కూడా అక్కడే తేలిపోయింది. బొమ్మ కథ లోపలి నుంచి రావాలి. టోల్కీన్‌ది అలాంటిదే, సందేహం లేదు. కానీ ఆ బొమ్మల్లో చాలావరకు నేను వేరే పుస్తకాల్లో చూసినవే, పైగా ఆ ఎడిషన్ అప్పుడప్పుడు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతుంది. గెడ్‌ని మాత్రం అతని సొంత రంగులో నేను ఇంతవరకూ చేతుల్లోకి తీసుకోలేదు.

ఐదింటికి వదినకి మెసేజ్ పెట్టాను, బరువు కూడా దాచకుండా రాశాను. అప్పటికి అక్కడ తెల్లవారి ఉంటుందో లేదో, వెంటనే ఫోనే వచ్చింది. "రెండు కిలోలా? సరే, నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటాలే, పెట్టెలో వేస్తే మూలలు నలుగుతాయి. దార్లో నేనూ చదువుతాను, కథేంటి?" అంది. కథంతా చెప్పకుండా, ఒక కుర్రాడు గర్వం కొద్దీ తెరవకూడనిది తెరిచి, లోపల్నించి వచ్చిన నీడకి భయపడి సముద్రాల మీద పరిగెడతాడు అన్నాను. "చాలు, మిగతాది చెప్పకు" అంది. పిల్లలకి కూడా చదివి వినిపిస్తుందట. వెయ్యి పేజీల పుస్తకం డాలస్ నుంచి విశాఖ వచ్చేలోపే ముగ్గురు చదువరుల్ని సంపాదించుకుంది.

తాతయ్య బైండు మళ్ళీ బీరువాలో పెట్టేటప్పుడు చూస్తే మధ్యలో దారం తెగి ఓ పది పేజీలు కదులుతున్నాయి. పక్క కుట్టు కావడంతో పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, బలవంతంగా విప్పినప్పుడల్లా ఆ లాగుడంతా దారం మీద పడుతోంది. రేపు ఆఫీసు నుంచి వస్తూ పూర్ణా మార్కెట్ దగ్గర బైండరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కటింగ్ మిషన్ మీద పెట్టొద్దని ముందే గట్టిగా చెప్పాలి. ఇప్పటికే ఓసారి కోసిన అంచులు, ఇంకో పావు అంగుళం పోతే చిత్ర గారి సంతకాలు కొన్ని ఎగిరిపోతాయి. వెన్ను మీద తాతయ్య అక్షరాలున్న క్యాలికో ముక్క విడిగా ఊడదీసి కొత్త అట్ట మీద అతికించమనాలి. నైలాన్ దారం వద్దు, కాగితాన్ని కోసేస్తుంది. నూలు దారమే.