ముందు చేప, చివర అన్నం

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషనైన కొత్తలో సలహాలు చెప్పేవాళ్ళకు కరువుండదు. డైటీషియన్ వారం వారం ఫోన్ చేసేది. మొదట పల్చటి ద్రవాలు, తర్వాత మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి అంటూ ఏ వారం ఏం తినాలో కాగితం మీద రాసిచ్చారు. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఏడాది తిరిగేసరికి ఫోన్లు ఆగాయి, కాగితం ఎప్పుడు ఊడిపోయిందో కూడా గుర్తులేదు. ఇప్పటికి ఏడేళ్ళు దాటింది. నన్నడిగితే అసలు సలహా కావలసింది ఇప్పుడే. ఈమధ్య షాపుకొచ్చిన ఒకరిద్దరు "మీకు మళ్ళీ ఒళ్ళు రాలేదే, ఏం తింటారు?" అని ఆరా తీశారు. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాది విశాఖలో జగదాంబ దగ్గర కళ్ళద్దాల షాపు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టూలు మీద కూర్చునే పని. 2018లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాను. అప్పుడు 128 కిలోలు. షుగరు ఉంది, పైగా రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లగా ఎగదన్నేది. స్లీవ్ అని, పొట్టలో చాలాభాగం కోసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్ ఇంకోటుంది, అది చేస్తే ఆ పులితేన్పులు పెరగొచ్చని డాక్టరు బైపాస్ వైపే మొగ్గారు. పొట్ట పైభాగాన్ని విడదీసి సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిలా చేస్తారు. చిన్నపేగును కిందనుంచి తెచ్చి ఆ సంచికి కలుపుతారు. తిన్న తిండి మిగతా పొట్టకూ, చిన్నపేగు మొదటి భాగానికీ తగలకుండా పోతుంది. ఏడాదిన్నరలో 79కి దిగాను. ఇప్పుడు 84 దగ్గర అటూ ఇటూ ఊగుతున్నాను. కిందికి దిగినదాంట్లో కొంత మళ్ళీ ఎక్కడం చాలామందికి జరిగేదే. షుగర్ మాత్రలు ఆగిపోయాయి గానీ, షుగరు పూర్తిగా పోయిందని ఏ డాక్టరూ అనడు, నేనూ అనను.

మొదటి ఏడాది తిండి విషయంలో మనం పెద్దగా చేసేదేమీ ఉండదు. నాలుగు ముద్దలు తినగానే సంచే వద్దంటుంది. ఆకలి కూడా ఉండదు. చుట్టాలంతా "ఎంత కంట్రోలో!" అని మెచ్చుకుంటుంటే నవ్వొచ్చేది. అందులో నా గొప్పేం లేదు. రెండు మూడేళ్ళు గడిచాక ఆకలి తిరిగొస్తుంది, సంచి కూడా కాస్త సాగుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు కథ.

చాలామంది అనుకునేది, మళ్ళీ ఒళ్ళు వచ్చేది విందు భోజనాల వల్ల అని. నా అనుభవంలో అలా కాదు. ఇప్పటికీ నేను పళ్ళెం నిండా బిర్యానీ తినలేను, తినాలన్నా పట్టదు. పట్టేవి వేరే ఉన్నాయి. కారప్పూస, చేగోడీలు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్. ఇవి నోట్లోనే పిండైపోతాయి లేదా కరిగిపోతాయి, సంచిలో నిలవకుండా జారిపోతాయి. టీతో కలిపి తింటే మరీ సులువు. చేప ముక్క రెండోది వద్దన్న పొట్టే, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి షాపు కట్టేలోపు పావుకిలో జంతికల్ని ఒక్కొక్కటిగా లోపలికి పంపించేస్తుంది. నిండినట్టే ఉండదు. పక్క మొబైల్ షాపు కుర్రాడు వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి "బాబాయ్, ఒక్కటి" అంటాడు. ఆ ఒక్కటితో నాకు టెన్షన్ లేదు. నా టెన్షనంతా కౌంటర్ కింద డబ్బాలో మూత తీసి ఉండే వాటితో. అందుకని ఆ డబ్బాలో ఇప్పుడు ఉప్పుశనగలు ఉంటాయి. అవి నమలాలి, నమిలితే దవడ నొప్పెడుతుంది, కాసేపటికి మనమే మూత పెట్టేస్తాం.

దీన్నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒకటే. గట్టిగా నిలిచేది ముందు, జారిపోయేది చివర. మన భోజనానికి ఇది పూర్తిగా తలకిందులు. మనకి పళ్ళెం నిండా అన్నం పెట్టి దానిమీద పప్పు, పక్కన కూర, తర్వాత పులుసు, చారు, ఆఖర్న పెరుగు. అన్నం లేనిదే మిగతావేవీ లేవు. నేను ముందు చేప ముక్క తింటాను, తర్వాత కూర, తర్వాత గట్టిపప్పు, చోటుంటే అప్పుడు రెండు మూడు ముద్దల అన్నం పెరుగుతో. చాలా రోజులు ఆ చోటుండదు.

మా అమ్మది బొబ్బిలి వైపు. ఆవిడకి ఇది ఏడేళ్ళుగా మింగుడు పడలేదు. "ఏట్రా ఇది, అన్నం ముట్టకుండా ఉత్త కూర తినేస్తన్నావు, మనమేమైనా లేనోళ్ళమా?" అంటుంది. అన్నం మిగిల్చి కూర ఖాళీ చేస్తే ఆవిడ లెక్కలో అది దుబారా కూడా. ఒకసారి నన్నడక్కుండా చేపల పులుసులో అన్నం కలిపి ముద్దలు చేసి చేతికిచ్చింది. రెండో ముద్దకే ముక్కు కారడం మొదలైంది. నాకు సంచి నిండిన గుర్తు అదే, ముక్కు కారుతుంది. ఆపరేషన్ రోజుల్లో పరిచయమైన గాజువాక మిత్రుడికి ఎక్కిళ్ళొస్తాయి. ఎవరి గుర్తు వాళ్ళు తెలుసుకోవాలి. అది కనిపించాక ఇంకో ముద్ద తింటే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టుంటుంది.

రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదని చెప్పారు. వినడానికి తేలికే, ఇంత చిన్న సంచితో అది పెద్ద పనే. గుడ్డుకి 6 గ్రాములు, వంద గ్రాముల చేపకి 20 దాకా, వంద గ్రాముల పనీర్‌కి 18 దగ్గర. పొద్దున్న ఇడ్లీ మానేశాను. ఇష్టం లేక కాదు, నాలుగు ఇడ్లీలు తిన్నా పదింటికల్లా మళ్ళీ ఆకలేస్తుంది. పెసరట్టు ఒకటి, ఉప్మా లేకుండా, పక్కన ఉడికించిన గుడ్డు. ఉప్మా లేని పెసరట్టు కూడా ఒక పెసరట్టేనా అని మా బావమరిది దెప్పుతాడు, దెప్పనీండి. మధ్యాహ్నం క్యారేజీలో చేపో చికెనో. చికెన్ ఫ్రై అయితే ఇరుక్కుంటుంది. పులుసు, ఇగురు అయితే దిగుతుంది. ఒక్కో ముక్కా బాగా నమలాలి, తినడానికి అరగంట పడుతుంది. ఈలోపు కస్టమర్ వస్తే మా అబ్బాయి చూసుకుంటాడు.

చేపల విషయంలో మన ఊరి వాళ్ళం అదృష్టవంతులం. ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారి వెళ్తే కానాగంతలు చవగ్గానే దొరుకుతాయి. వంజరం, చందువాలకు ధర పెట్టాలి. చిక్కంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. సముద్రంలో వేట నిషేధం ఉంటుంది కాబట్టి మరబోట్లు కదలవు. ఆ రెండు నెలలూ శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపలతోనూ గుడ్లతోనూ నెట్టుకొస్తాను. ఎండు నెత్తళ్ళు మా అమ్మ బ్రహ్మాండంగా వండుతుంది గానీ, ఉప్పెక్కువ. వేసవిలో అది తిని నీళ్ళకోసం అల్లాడాలి.

నీళ్ళంటే గుర్తొచ్చింది. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి. తాగితే తిన్నది తొందరగా జారిపోతుంది. చారు, మజ్జిగ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అందుకే చారు నాకు భోజనంలో ఉండదు, సాయంత్రం అయిదింటికి గ్లాసులో తాగుతాను. విశాఖ ఉక్కపోతలో భోజనం మధ్యలో నీళ్ళు తాగకుండా ఉండటం ఎంత కష్టమో ఇక్కడి వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. షాపులో లీటరు సీసా పెట్టుకుని గుక్కగుక్కగా తాగుతుంటాను. గడగడా తాగడం ఎప్పుడో మర్చిపోయాను.

తీపి సంగతి. బైపాస్ అయినవాళ్ళలో చాలామందికి డంపింగ్ అనేదొకటి ఉంటుంది. చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులో పడితే అది ఒంట్లో నీటిని పేగులోకి లాగుతుంది. చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. మేనకోడలి పెళ్ళిలో మాడుగుల హల్వా పెట్టారు. గోధుమపాలతో చేసిన ఆ హల్వా ముందు నిలబడి కాదనడం నా వల్ల కాలేదు. రెండు చెంచాలకే పావుగంటలో చొక్కా తడిసిపోయింది, వెళ్ళి విడిదిలో పడుకున్నాను. ఇంకో రకం కూడా ఉంది. తిన్న గంటా రెండు గంటలకి ఇన్సులిన్ ఎక్కువ ఊరి షుగరు పడిపోతుంది, చేతులు వణుకుతాయి. కొందరు "డంపింగ్ ఉంటే మంచిదే, భయంతో తీపి మానేస్తారు" అంటారు. దానిమీద ఆశ పెట్టుకోకండి. అది అందరికీ రాదు, వచ్చినవాళ్ళలోనూ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంటుంది. నాకూ ఇప్పుడు చెంచాడు హల్వాకి ఏమీ కాదు. అదే ఇబ్బంది.

పెళ్ళిళ్ళలో నాకు నచ్చేది బఫే. బంతి భోజనమైతే వడ్డించేవాడొకడు, వెనకాల పెళ్ళివారొకరు, "అబ్బే, ఏం తిన్నారండీ" అంటూ ఆకు నింపేస్తారు. మొహమాటానికి పొట్ట పెద్దది, సంచి చిన్నది. బఫేలో మనకి కావలసింది మనమే పెట్టుకుంటాం, ఎవరూ చూడరు.

ఈమధ్య అందరూ చిరుధాన్యాల సలహా ఇస్తున్నారు. కొర్రలు తినండి, సామలు తినండి అని. తినొచ్చు, అందులో పీచు ఎక్కువ. కానీ కొర్రన్నం కూడా అన్నమే, ప్రొటీన్ పక్కకి నెట్టి దాంతో సంచి నింపుకుంటే లాభమేముంది? చోడి (రాగి) అంబలి కూడా అంతే. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైనే. అయినా అంబలిగా తాగితే గంటలో మాయం.

తిండి జాగ్రత్తకంటే ముందు మానేసేవి విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు, నేను చూసినంతలో. ఒళ్ళు బాగానే ఉంది కదా, ఇంకెందుకు అనిపిస్తుంది. బి12 విటమిన్ ఎంత మోసకారిదంటే, లివర్‌లో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది. మాత్రలు మానేసినా చాలాకాలం ఏమీ తెలియదు, నిల్వ అయిపోయాక అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నీరసం, మతిమరుపు. మా గాజువాక మిత్రుడికి అయిదో ఏట అదే జరిగింది, ఇంజెక్షన్లతో కోలుకున్నాడు. ఐరన్ ఎక్కువగా ఒంటపట్టేది బైపాస్ చేసిన ఆ చిన్నపేగు ముందు భాగంలోనే, కాబట్టి అదీ తగ్గుతుంది. నెలసరి వచ్చే ఆడవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. కాల్షియం సిట్రేట్ రూపంలో తీసుకోమన్నారు, దానికి పొట్టలో యాసిడ్ అవసరం లేదు కాబట్టి. కాల్షియానికీ ఐరన్‌కీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. టీతో ఐరన్ అసలు వేసుకోకూడదు. మా షాపుకి టీ పదకొండుకీ నాలుగుకీ వస్తుంది, కాబట్టి ఐరన్ రాత్రికి మార్చాను. ఏడాదికోసారి రక్తపరీక్ష. నడుం నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాడొద్దు, సంచి దగ్గర పుండు పడుతుంది. మందుల షాపులో ముందే బైపాస్ అయిందని చెప్పాలి. మందు కొట్టే అలవాటుంటే, ఒక్క పెగ్గే గబుక్కున ఎక్కుతుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. నేను మానేశాను.

నడక గురించి ఎక్కువ చెప్పను. తెల్లారి బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు, అక్కడ నడుస్తాను. కిందటేడు సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను, 32 కిలోమీటర్లు. నడక కంటే దారి పొడవునా పంచే పులిహోర, బిస్కెట్లు, షర్బత్‌లు దాటడమే కష్టమైంది. అంత భక్తితో చేతిలో పెడుతుంటే వద్దనలేం. తీసుకుని పక్కనున్నవాళ్ళకిచ్చి, జేబులో తెచ్చుకున్న ఉప్పుశనగలు నములుతూ పోయాను.

ఇప్పుడు ఇంట్లో చర్చంతా కార్తీకమాసం గురించి. నెలంతా నీసు లేదు, సోమవారాలు ఉపవాసం, మా అమ్మ పట్టుదల అది. రోజంతా పస్తుండి రాత్రి ఒక్కపూట తినడం నాకు కుదరదు, ఆ ఒక్కపూటలో ఎంత పడుతుంది గనక. చివరికి బేరం కుదిరింది. నెలంతా నీసు ముట్టను. బదులుగా ఉపవాసం మా ఆవిడా అమ్మా ఉంటారు, నాకు మాత్రం సోమవారం కూడా మధ్యాహ్నం పనీరు, సాయంత్రం శనగల గుగ్గిళ్ళు ఇంట్లోంచే వస్తాయి. గుగ్గిళ్ళు శివుడికి నైవేద్యం పెట్టాకే ఇస్తానంది అమ్మ. అయిదింటికల్లా పెట్టేయమన్నాను.