బల్ల ఎవరిది?

"ఈ బల్ల జరిపిందెవరు?"

పోయిన నెలలో ఓ ఆదివారం సాయంత్రం, ఇక్కడ ఇంగ్లాండులో, మా ఆరాధన అయిపోయి మిగిలిన పలావు డబ్బాల్లోకి సర్దుతుంటే వెనకనుంచి ఈ ప్రశ్న. శనివారం నైట్ డ్యూటీ దిగి మూడు గంటలు పడుకుని వచ్చానేమో, కళ్ళు మండిపోతున్నాయి. తిరిగి చూస్తే చర్చి తాళాలు చూసే పెద్దావిడ. ఎనభై దాటి ఉంటాయి. గొంతు పెంచలేదు. ఇక్కడివాళ్ళు పెంచరు, అదే నాకు బాధ. అరిస్తే మనమూ రెండు మాటలనేసి అక్కడితో దులిపేసుకోవచ్చు.

జరిపింది నేనే. పిల్లలకి చాపలు వేయడానికి చోటు చాలక, నేనూ ఇంకో చెల్లెమ్మా కలిసి ప్రభువు బల్లని, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్లని, గోడవారకి నెట్టాం. మళ్ళీ తెచ్చి పెట్టాం కూడా. కాకపోతే జానెడు పక్కకి. కార్పెట్లో పాత కాళ్ళ గుంటలు నాలుగూ బయటపడి నన్నే చూస్తున్నాయి.

సారీ చెప్పాను. "ఫర్వాలేదు. కానీ ఈ బల్ల అందరిదీ కాదు, తెలుసుగా" అని వెళ్ళిపోయింది.

ప్రభువు బల్ల అందరిదీ కాకపోతే ఇంకెవరిది? వారమంతా ఇదే నా బుర్రలో. వార్డులో మందులు ఇస్తూ కూడా ఇదే. మా ఆయన "కుర్చీ జరిపినా ఇంతే అంటుంది, వదిలెయ్" అన్నాడు. ఆయనకి అన్నీ తేలికే.

ఆ చర్చి గురించి కొంచెం చెప్పాలి. ఒకే కట్టడం, మూడు సంఘాలు: ఆంగ్లికన్లు (ఇంగ్లాండు చర్చి వాళ్ళు), మెథడిస్టులు, యునైటెడ్ రిఫార్మ్‌డ్ వాళ్ళు. పొద్దున ఒకరు, తర్వాత ఇద్దరు, నెలలో ఓ ఆదివారం ముగ్గురూ కలిసి. మధ్యాహ్నం రెండు గంటలపాటు, గంటల లెక్కన అద్దెకి మేము, తెలుగు సహవాసం. వంటింట్లో అలమరాలకి చీటీలు. నీలం గీత కప్పులు ఒకరివి, తెల్లవి ఇంకొకరివి. మొదట్లో అవి చూసి ఎంత నవ్వుకున్నానో. దేవుణ్ణి పంచుకున్నారుగానీ కప్పులు పంచుకోలేదని మావాళ్ళకి ఫోన్లో చెప్పి నవ్వించాను కూడా.

మరుసటి ఆదివారం ముందే వెళ్ళి ఆవిడనే అడిగాను. బల్ల కింద చూడమంది. మోకాళ్ళమీద కూర్చుని ఫోన్ లైటు వేస్తే, చెక్కకి అంటించిన పచ్చబారిన కాగితం. దానిమీద ఓ మెథడిస్టు చాపెల్ (చిన్న గుడి) పేరు, ఓ నంబరు. ఆ చాపెల్ అమ్మేశారట, ఇప్పుడందులో తివాచీల కొట్టు. బల్ల ఒక్కటీ ఇక్కడికి వచ్చింది. ఆవిడ పెళ్ళయింది ఆ బల్ల ఎదుటే.

తర్వాత లోపలి గదిలోంచి ఓ ఫైలు తెచ్చింది. ఇక్కడ రెండు సంఘాలు ఒక చర్చిని పంచుకోవాలంటే మనసు చాలదు. 1969లో పార్లమెంటు దానికోసమే చట్టం చేసింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మంచితనానికి చట్టమేంటి? కానీ వినగా వినగా కొంచెం తలకెక్కింది. మెథడిస్టు చాపెల్ అంటే మెథడిస్టు ఆరాధనకని ట్రస్టు దస్తావేజు రాసి ఇచ్చిన ఆస్తి. ధర్మకర్తలు ఎంత మంచివాళ్ళయినా ఇంకొకరి ఆరాధనకి ఇవ్వడానికి చేతులు కట్టేసినట్టే. ఆంగ్లికన్ చర్చి సంగతి ఇంకా చిక్కు. బిషప్పు ప్రతిష్ఠ చేసిన కట్టడం, దాని నియమాలు ఈ దేశపు చట్టంలో భాగం. కాబట్టి పక్కవాళ్ళని రమ్మనాలన్నా పార్లమెంటు ఒప్పుకోవాలి. కట్టడం ఒకరి పేరునే ఉండవచ్చు, ఉమ్మడిగానూ ఉండవచ్చు. ఖర్చులెవరివి, సమయాలేవి, అన్నీ ఒప్పందంలో రాసుకోవాలి. ఏయే సంఘాలకి వర్తిస్తుందో చట్టం చివర జాబితా. అందులో లేని సంఘం చేరాలంటే ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్‌లో ప్రకటన వేయించాలి.

మా సహవాసం యాభై మంది. ఏ సంఘమని వేయిస్తాం? మాలో బాప్టిస్టులున్నారు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళున్నారు, లూథరన్లు, పెంతెకొస్తు, ఆర్.సి.యం. (రోమన్ కాథలిక్) కుటుంబాలు రెండు. బాప్తిస్మం ముంచాలా చిలకరించాలా అన్న మాట ఎత్తనంతవరకూ అందరం ఒకటే. ఎత్తం.

ఫైల్లో నన్ను గుచ్చింది మాత్రం వేరే. విడిపోతే ఏం చేయాలన్నది కూడా అందులో ముందే రాసి ఉంది. ఒప్పందం ముగించే పద్ధతి ఒప్పందంలోనే ఉండాలని చట్టమే చెబుతుందట. పెళ్ళి శుభలేఖ వెనక విడాకుల కాగితం అచ్చువేసినట్టు లేదూ!

రోషమొచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో దంచేశాను. మీరు గోడలు పంచుకోవడానికి 1969 దాకా ఆగారు, మావాళ్ళు 1947 సెప్టెంబరు 27నే మద్రాసులో సంఘాలనే కలిపేశారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు అందరూ కలిస్తేనే సి.ఎస్.ఐ. అయింది. మా మెదక్ గుడి మెథడిస్టులు కట్టింది, దోర్నకల్ గుడి ఆంగ్లికన్లది, ఇప్పుడు రెండూ ఒకే సంఘానివి. అదంతా చూసి మీ ఇంగ్లాండు చర్చి సంతోషించిందా? వెంటనే పూర్తి సంబంధం కలుపుకోవడానికే వెనకాడింది. 1972లో మీ మెథడిస్టులతో కలిసే ప్రయత్నం కూడా ఓట్లు చాలక పోయింది. (ఇవన్నీ ముందురోజు రాత్రి బ్రేకులో చదువుకుని వెళ్ళినవే. ఎందుకబద్ధం.)

ఆవిడ శ్రద్ధగా విని, "బాగుంది. మీరు ఆ సంఘమేనా?" అంది.

కాదు. మేం బాప్టిస్టులం. ఆ కలయికలో మేం లేం, లూథరన్లూ లేరు. ఆ మాట చెప్పి చాపలు తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాను.

మాది బాపట్ల దగ్గర పల్లె. 1977 నవంబరు తుఫానుకి మా గుడి కప్పు ఎగిరిపోయింది. పక్క వీధి లూథరన్ సంఘం వాళ్ళే వచ్చి, మా గుళ్ళో చేసుకోండి అన్నారట. ఏ దస్తావేజూ లేదు, ఏ గెజిట్టూ లేదు. వాళ్ళ ఇళ్ళూ కూలి ఉన్నాయి అప్పటికి. మూడేళ్ళు ఒకే కప్పు కింద పొద్దున వాళ్ళు, పది తర్వాత మేము. క్రిస్మస్‌కి కలిసి పాటలకి తిరిగారు. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. ఇక్కడ ఎవరైనా ఇండియాలో కులాలు, గొడవలు అని మొదలెడితే నేను తీసే మొదటి కథ అదే.

తీయని సగం ఒకటుంది. కలిసి ఉన్నప్పుడు రెండు సంఘాలూ చందాలేసుకుని బల్లలు చేయించాయి, కూర్చునే బల్లలు. మా గుడి లేచాక అవి ఎవరివన్నది తేలలేదు. చెక్క మాదన్నారు వీళ్ళు, కూలి మేమిచ్చామన్నారు వాళ్ళు. అప్పటినుంచి రెండు గుళ్ళ మైకులూ ఎదురెదురు. నా చిన్నప్పుడు లూథరన్ గుడి కిటికీ చువ్వల్లోంచి చూస్తే మూడో బల్ల వీపున మా తాతయ్య పేరు ఆనేది. పైన గోధుమరంగు పూశారు, అయినా కింద పచ్చ అక్షరాలు ఎండపడితే లేచేవి. చావులకి మాత్రం ఇద్దరు పాస్టర్లూ వచ్చేవాళ్ళు. అది నిజం. ఈ ఊళ్ళో నా పక్కింటాయన పోతే మూడు వారాలకి తెలిసింది నాకు.

మొన్న కార్పెట్ మీద నాలుగు కాళ్ళ చోటా కాగితం టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ఎవరంటించారో నేనడగలేదు. బల్ల పక్కకి జరిపి, ఆరాధనయ్యాక సరిగ్గా వాటిమీదకే పెట్టాం.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, అప్పుడు లూథరన్ వాళ్ళతో కాగితమేమన్నా రాసుకున్నారా?"

"మన మధ్య కాగితాలేంటమ్మా, తప్పు కాదూ" అన్నాడు. ఇంకేవో మాట్లాడుకున్నాం. కోత యంత్రం రేటు, అమ్మ మోకాళ్ళు. పెట్టేయబోతుంటే ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఎనిమిది బల్లలు మాత్రం మనవే."