అక్టోబరు నుంచి మార్చి అన్నారు

మా బావమరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు ఏ పని తలపెట్టినా ముందు ఒక ఎక్సెల్ షీటు పుడుతుంది. దేశమంతా విడతలవారీగా చూసెయ్యాలని ఈమధ్య ఒకటి తయారుచేశాడు. ఊరు, చూడాల్సినవి, ఖర్చు, అనువైన కాలం అని గడులు. ఆ చివరి గడిలో జైపూర్‌కీ, ఢిల్లీకీ, చెన్నైకీ, విశాఖకీ ఒకటే మాట: అక్టోబరు నుంచి మార్చి. పై గడిలో రాసింది కిందిదాకా లాగేశాడు. ఇదేందిరా అంటే, ఇంటర్నెట్‌లో ఇండియాకి బెస్ట్ సీజన్ అని కొడితే అదే వస్తుంది బావా అన్నాడు. దసరా సెలవులు అక్టోబరులో పడ్డాయి కాబట్టి మొదటి విడత విశాఖ, అరకు అని తేల్చేశాడు. నేను బడిపంతులుని. సెలవులు ఎప్పుడిస్తే అదే నాకు సీజను. మా ఆవిడకి సముద్రం కనబడితే చాలు.

మా అనంతపురంలో సాయంత్రం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ విశాఖ రాదు. స్టేషన్ బయటికి రాగానే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎండేమీ లేదు, ఆకాశం నిండా మబ్బు, ఆకు కదలడం లేదు. మా ఊళ్ళో మే నెలలో నలభై దాటినా వేపచెట్టు కిందికి పోతే ప్రాణం నిమ్మళిస్తుంది. ఇక్కడ నీడలో నిలబడినా చెమట ఆగదు. ఇదా అనువైన కాలం అని వాడి మొహం చూశాను. వాడు ఫోనులో ఉష్ణోగ్రత చూపించాడు. ముప్పై ఒకటి. అంకె బాగానే ఉంది.

లాడ్జిలో ఇంకో షాక్. ముందుగా బుక్ చేసింది ఒక గదే. రెండో గది అడిగితే దానికి రెట్టింపు చెప్పాడు కౌంటర్ కుర్రాడు. "పూజా సెలవులు కదండీ, బెంగాలీ వాళ్ళు దిగీసారు. రేపటికి ఇది కూడా ఉండదు" అన్నాడు. బేరం ఆడితే నవ్వాడు గానీ రూపాయి తగ్గలేదు. వాడు చెప్పింది అబద్ధం కాదని సాయంత్రం బీచ్ రోడ్డు మీద తెలిసింది. కురుసుర సబ్‌మెరైన్ టికెట్ల వరసలో మాకు ముందూ వెనకా బెంగాలీయే వినిపించింది. పక్కనున్న మెస్సు బోర్డు మీద తెలుగు కింద బెంగాలీ అక్షరాలు.

సింహాచలం, కైలాసగిరి, రుషికొండ అన్నీ చూశాం. బాగున్నాయి. వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కైలాసగిరి నుంచి దిగేటప్పుడు ఎక్కిన ఆటో అబ్బాయి మాటలు మాత్రం చెప్పాలి. మా బావమరిది అతనికి కూడా అక్టోబరు గొప్పతనం చెప్పబోయాడు. అతను బ్రేకు మీద కాలు వేసినంత పని చేశాడు. "అక్టోబరు మంచిదని ఎవులు సెప్పీసారండీ మీకు?" అని హుద్‌హుద్ తుఫాను కథ ఎత్తుకున్నాడు. 2014 అక్టోబరు 12. ఈ కొండ మీద చెట్టనేది నిలబడలేదట. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయిందట. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్ దొరికితే పండగ అన్నాడు. ఇంటికొచ్చి లెక్క చూస్తే సరిగ్గా అంతకు ముందు ఏడాది, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు వచ్చింది. బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లు నైరుతి వానలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో, అవి వెనక్కి మళ్ళాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువగా వస్తాయి. అంటే ప్రపంచమంతా "రండి" అని రాసే నెలలోనే ఇక్కడివాళ్ళు టీవీలో వాతావరణ వార్తల కోసం ఎదురుచూస్తుంటారు. ఆ రాత్రి లాడ్జి టీవీలో కూడా అల్పపీడనం అని పాకుతూ అక్షరాలు వచ్చాయి.

మర్నాడు అరకు. రైల్లో అద్దాల పెట్టె టికెట్లు ఎప్పుడో అయిపోయాయి, మామూలు పెట్టెల్లో కాలు పెట్టే చోటు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళి బస్సు ఎక్కాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా సన్నగా తుంపర. ఘాట్ మొదలయ్యాక అది ముసురైంది. అద్దాలు మూస్తే ఉక్క, తెరిస్తే జల్లు. మా వెనక సీట్లో ఒక బెంగాలీ కుటుంబం. ఆ పెద్దమనిషి మొదటి మలుపులోనే మంకీ క్యాప్ తగిలించుకున్నారు. అనంతగిరి ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ముందు వరసగా కార్లు. ఎక్కడో చెట్టు పడిందట, మనుషులు వెళ్ళి కోస్తున్నారట. డ్రైవరు ఇంజను ఆపేసి దిగి బీడీ వెలిగించాడంటే ఇక ఇప్పట్లో కదలదని అర్థం.

రోడ్డు వారగా టార్పాలిన్ కప్పిన టీ బడ్డీ ఉంది. ఇరవై రూపాయల టీ, రెండు గుక్కలు. అయినా అందరం అక్కడే చేరాం. నాకు చిరాకుగా ఉంది. ఇంత ఖర్చు పెట్టి వచ్చి రోడ్డు మీద నిలబడాలా అని సణుగుతుంటే మా ఆవిడ మాత్రం టార్పాలిన్ అంచు నుంచి కారే ధార కింద చేయి పెట్టి నిలబడింది. "ఏమండీ, ఇట్లా వాన మనూళ్ళో చూసి ఎన్నేండ్లయింది?" అంది. నిజమే. మా నాన్న ఆరుద్ర కార్తెలో వేరుశనగ వేసేవాడు. వేశాక పొద్దుటా సాయంత్రం ఆకాశం కేసి చూడటమే పని. మబ్బు వచ్చేది, ఉరిమేది, పోయేది. పడమటి కనుమలు అటు నైరుతి వానను సగం అక్కడే దింపేసుకుంటాయి, ఇటు బంగాళాఖాతం మాకు దూరం. ఏడాది మొత్తానికి విశాఖలో పడే వానలో సగమే మా జిల్లాకి. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉంటే, కన్యాకుమారి నుంచి కార్గిల్ దాకా కలిపి ఒకే గడిలో ఒకే మాట ఎట్లా రాస్తారు? ఆ వాన కింద నా చిరాకు కాస్త తగ్గింది. మావాడిది తగ్గలేదు. వాడు గలికొండ వ్యూపాయింట్ పోయింది, బొర్రా పోయింది అని లెక్కపెడుతున్నాడు.

బడ్డీ లోపల ఒక పెద్దాయన గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. అనంతగిరి పక్కన ఊరట. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొంచెం కాఫీ తోట, ఆ చెట్లకే మిరియాల తీగలు. "ఏటి సూద్దామని వచ్చీసినారు బాబూ?" అని అడిగాడు. వలిసె పూలు అన్నాడు మా బావమరిది. ఫోటోల్లో కొండవాలు మొత్తం పసుపు పరిచినట్టుంటుంది కదా, అది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకా పూత అందుకోలేదు. దీపావళి ఎల్లాక రావాల. కాఫీ పళ్ళు కూడా ఇప్పుడిప్పుడే ఎర్రబడతన్నాయి, కోత అప్పుడే." మరి డిసెంబరులో రమ్మంటారా అంటే నవ్వాడు. "డిసెంబరులో మీరంతా మంచు సూడ్డానికి వస్తారు. కార్లు సూసుకుని ఎల్తారు." లంబసింగి వెళ్ళొచ్చిన మా స్టాఫ్ రూమ్ మిత్రుడు కూడా దాదాపు ఇదే చెప్పాడు. తెల్లవారుజామున నాలుగింటికి వెళితే రోడ్డంతా హెడ్‌లైట్లేనట.

"అసలైతే మార్చి, ఏప్రిల్‌ల రావాల" అన్నాడు పెద్దాయన. "ఓ మంచి వాన పడిందంటే వారం పదిరోజులకి తోటలన్నీ తెల్లగా పూసీస్తాయి. మల్లెపూల వాసన. నాలుగు రోజులుంటాది, అంతే. అప్పుడు ఒక్కడూ రాడు." మా ఆవిడ చెయ్యి వానలోంచి తీసి ఇటు తిరిగింది. ఎండాకాలంలో అరకు ఎవరు వస్తారు, కొండలన్నీ ఎండిపోయి ఉంటాయి కదా అన్నాడు మావాడు. "ఎండిపోతాయి బాబూ. పువ్వు కావాలంటే ఎండాలి, జలపాతం కావాలంటే తడవాలి. రెండూ ఒకసారి కావాలంటే ఎలగ?" కార్తెలు ఇంకా లెక్కపెడతారా అని అడిగాను, మా నాన్న గుర్తొచ్చి. "ఇది చిత్త కదా. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడతాది" అని మళ్ళీ టీ చెప్పాడు. ఆ టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

మంకీ క్యాప్ పెద్దమనిషి మా మాటలు హిందీలో చెప్పించుకుని విన్నారు. హౌరా దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకే వృత్తి కాబట్టి మా ఇద్దరికీ తొందరగా కుదిరింది. ఆయనకి పెద్ద సెలవులు దుర్గాపూజకే. ఏటా అప్పుడే బయల్దేరతారట. "నెల నా చేతిలో లేదు. అందుకని నెలను అట్లాగే ఉంచి ఊరు మారుస్తాను" అన్నారు. ఒక అక్టోబరు రాజస్థాన్ వెళ్ళారు. ఒకసారి ఉత్తరాఖండ్. వానలు వెళ్ళిపోయాక అక్కడ గాలి కడిగినట్టుంటుంది, మంచుకొండలు అంత స్పష్టంగా ఇంకెప్పుడూ కనపడవు అన్నారు. మరి ఇటు తుఫాను కాలమని తెలిసీ విశాఖ ఎందుకు వచ్చారంటే, రాత్రి రైలెక్కితే పొద్దుటికి దిగుతాం, ఢిల్లీ మీదుగా తిరగక్కర్లేదు, ఈ ఏడు చేతిలో డబ్బు తక్కువ అన్నారు. ఇంత నిజాయితీ ఏ ట్రావెల్ వ్యాసంలోనూ చదవలేదు.

ఆయన మాట నాకు బాగా పట్టింది. మేం ఊరు ముందు అనుకుని దానికి మంచి నెల వెతుకుతున్నాం. ఉద్యోగస్తులకి అది కుదరదు. పంతులుకి దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు తప్ప వేరే దారి లేదు. అప్పుడు అడగాల్సింది విశాఖకి ఏ నెల అని కాదు, ఈ నెలలో ఏ ఊరు అని. నైరుతి జూన్ 1 ప్రాంతంలో కేరళ తాకుతుంది, జూలై మొదటి పది రోజుల్లో దేశమంతా అందుకుంటుంది, సెప్టెంబరు మధ్యలో పడమటి రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్ళడం మొదలుపెడుతుంది. ఆ ఎడారికి అక్టోబరు చివర వెళ్ళినా పొడి గాలే. అదే వారంలో మద్రాసు వెళితే గొడుగు, రెయిన్‌కోటు రెండూ కావాలి, వాళ్ళ అసలు వానాకాలం అప్పుడే మొదలు. లదాఖ్ సంగతి పూర్తిగా తలకిందులు. హిమాలయాలు వాన మబ్బును దాటనివ్వవు, మనమంతా తడిసే జూలై, ఆగస్టుల్లో లేహ్‌లో ఎండ కాస్తుంది. చలికాలంలో కనుమదారులు మంచులో కూరుకుపోతాయి. మా షీటులో లేహ్ గడిలో కూడా అక్టోబరు–మార్చి అనే ఉంది.

ఇక "మార్చి వరకు" అన్నదాంట్లో నడుమ ఉన్న జనవరి గురించి నా సొంత బాధ ఒకటి. ఒక సంక్రాంతి సెలవుల్లో ఆగ్రా వెళ్ళాం. పొగమంచుకి రైలు రాత్రంతా పొలాల మధ్య ఆగుతూ నడిచింది. ఉదయం తాజ్‌మహల్ ఎదుట నిలబడి, తాజ్‌మహల్ ఎక్కడా అని గైడ్‌ని అడిగాం. పదకొండు దాటాక మెల్లగా గుమ్మటం కనపడింది. ఆలోగా మా రిటర్న్ రైలు గురించి టెన్షన్ మొదలైంది. గంగా మైదానంలో డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా ఇదే తంతు. ఉత్తరాదికి వెళ్ళాలంటే ఫిబ్రవరి మేలు, కానీ ఫిబ్రవరిలో మాకు సెలవులెక్కడివి.

రెండు గంటలకు పైనే పట్టింది దారి తెరుచుకోవడానికి. అరకు చేరేసరికి మూడు దాటింది. మ్యూజియం మూసేలోపు ఒక చుట్టు చుట్టాం. బొంగు చికెన్ తిన్నాం. వెదురు బొంగులో నూనె లేకుండా కాల్చింది, కారం బాగా పట్టింది. ధర మాత్రం సెలవుల ధరే. మాకు చెప్పింది ఒకటి, పక్క బల్ల మీది విజయనగరం వాళ్ళకి చెప్పింది ఇంకొకటి. మా ఆవిడ అడిగేసింది. ఆ అమ్మాయి కొంచెం తగ్గించింది, ఇంకో చిన్న ముక్క కూడా వేసింది. దిగేటప్పుడు రోడ్డు పక్క నుంచి నీళ్ళు ధారలు కట్టి దూకుతున్నాయి. అనుకున్న వ్యూపాయింట్లో ఆగితే తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. మావాడు ఆ మబ్బుని పది ఫోటోలు తీశాడు.

రైల్లో తిరుగు ప్రయాణంలో షీటు మళ్ళీ తెరిచాడు. ఈసారి అడ్డంగా నెలలు, నిలువుగా ఊళ్ళు. జూన్ మొదటివారం, మా బడులు తెరవకముందు, లేహ్ అన్నాడు. విమాన టికెట్ చూసి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. సీజన్ తెలిసినవాళ్ళు మనమొక్కరమే కాదు మరి. సంక్రాంతికి కచ్ తెల్ల ఎడారి అంటే, గుడారాల అద్దె లేహ్ టికెట్‌కి తీసిపోలేదు. చివరికి మా ఆవిడ, ఆ కాఫీ పూలు చూద్దాం, మార్చిలో రద్దీ ఉండదు, గదులూ చవక అంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఇన్విజిలేషన్. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్. ఆ సంగతే చెప్పాను. "అయితే నేనూ తమ్ముడూ పోతాం, మీరు పేపర్లు దిద్దుకోండి" అని వాడి చేతిలోంచి ఫోను తీసుకుని ప్రశాంతిలో మార్చి చివరి వారానికి బెర్తులు చూడమంది. ఇంకా బుకింగ్ తెరవలేదు.