పీఎఫ్ బదిలీకి అడ్డుపడ్డ ఓవర్‌ల్యాప్: నా అనుభవం

పాత కంపెనీ పీఎఫ్ డబ్బు ఎట్టకేలకు కొత్త ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఉద్యోగం మారబోయేవాళ్లకి పనికొస్తుంది.

యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) యాక్టివేషన్, ఆధార్, పాన్, బ్యాంకు కేవైసీ అన్నీ ముందే అయిపోయాయి. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో ఫారం 13, అంటే బదిలీ దరఖాస్తు, వేయడం కాసేపటి పని. 2017 అక్టోబరు 1 తర్వాత ఇచ్చిన యూఏఎన్ అయి, ఆధార్‌తో లింకై, రెండు ఉద్యోగాలూ ఆ ఒక్క నంబరు కిందే ఉంటే 2025 జనవరి నుంచి బదిలీకి కంపెనీ ఆమోదం కూడా అక్కర్లేదు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

క్లెయిమ్ తిరిగొచ్చింది. కారణం ఒక్క ముక్క: ఓవర్‌ల్యాపింగ్ సర్వీస్.

వ్యూ మెనూలో సర్వీస్ హిస్టరీ తెరిస్తే రెండు వరసలు. కొత్త కంపెనీలో చేరిన తేదీ జూలై 1, అది సరైనదే. పాత కంపెనీ వదిలిన తేదీ జూలై 31. రిలీవింగ్ లెటర్‌లో మాత్రం జూన్ 27. అంటే రికార్డు ప్రకారం నేను నెలంతా రెండు చోట్లా పనిచేశాను! పీఎఫ్ ఆఫీసు కౌంటర్లో అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "ఏమండీ, రెండు కంపెనీల్లో ఒకేసారి జీతం తీసుకున్నారా?" వెనక లైన్లో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు. మూన్‌లైటింగ్ (దొంగచాటుగా రెండో ఉద్యోగం) గొడవ మొదలైనప్పటి నుంచి ఐటీవాడు కనిపిస్తే చాలు, అదే అనుమానం.

అసలు జరిగింది వేరు. రాజీనామా చేశాక జూన్ జీతం ఆపి, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌తో (వెళ్లేటప్పుడు తేల్చే ఆఖరి లెక్కతో) కలిపి జూలైలో ఇచ్చారు. దానిమీద కోసిన పీఎఫ్‌ని జూన్ నెల కింద చూపించాల్సింది పోయి జూలై ఈసీఆర్‌లో (కంపెనీ నెలనెలా దాఖలు చేసే పీఎఫ్ చందాల లెక్కలో) వేశారు. ఆఖరి చందా ఏ నెలలో పడిందో, వదిలిన తేదీ ఆ నెలలోనే ఉండాలంటుంది సిస్టమ్. హెచ్ఆర్ వాళ్లు ఆలోచించకుండా నెలాఖరు తేదీ కొట్టేశారు. పోనీ కంపెనీ తేదీ వేయకపోతే మనమే పోర్టల్‌లోని మార్క్ ఎగ్జిట్ ఆప్షన్‌లో పెట్టుకోవచ్చు కదా అంటే, దానికీ ఆఖరి చందా పడ్డాక రెండు నెలలు ఆగాలి, పెట్టే తేదీ కూడా ఆ చందా నెలలోదే అయ్యుండాలి. తప్పు ఈసీఆర్‌లో ఉంటే ఆ దారి కూడా మూసుకుపోయినట్టే.

సెటిల్‌మెంట్ స్లిప్‌లో ఇంకోటి చూసుకోండి. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (వాడని సెలవులకిచ్చే డబ్బు) బేసిక్ వేతనం కాదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది, దానిమీద పీఎఫ్ కోయకూడదు. చాలా పేరోల్ డెస్కులకి ఈ సంగతే తెలీదు.

ఇక దిద్దుబాటు. పోర్టల్ మేనేజ్ మెనూలో జాయింట్ డిక్లరేషన్ (రికార్డులో తప్పులు దిద్దమని పెట్టే దరఖాస్తు) ఉంటుంది. అందులో పాత కంపెనీ మెంబర్ ఐడీ (ఒక్కో కంపెనీకి విడిగా ఉండే పీఎఫ్ ఖాతా నంబరు) ఎంచుకోవాలి. కొత్తది ఎంచుకుని పెట్టేవాళ్లు బోలెడుమంది, అది ఊరికే తిరిగొస్తుంది. వదిలిన తేదీ సవరించి రిలీవింగ్ లెటర్, ఆఖరి పేస్లిప్ జోడించి ఆధార్ ఓటీపీ కొట్టాలి. తేదీ మార్పు మామూలుగా ఒక్కసారే ఇస్తారు కాబట్టి లెటర్‌లో ఉన్న తేదీనే, అంకె పొల్లుపోకుండా వేయండి.

నాలాంటి కేసులో ఇదొక్కటే చాలదు. "జూలైలో చందా ఉండగా జూన్‌లో ఎలా వదిలారు?" అని ఆఫీసు అడుగుతుంది. న్యాయంగా అడిగిందే. అందుకే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కావాలి: జూలైలో కట్టిన పీఎఫ్ జూన్ వేతనానికి సంబంధించిందని, ఆఖరి పనిదినం ఫలానా అని, సెటిల్‌మెంట్ లెక్క జతచేశామని. ఈ ఉత్తరం కోసమే పాత హెచ్ఆర్ నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. ఉన్నన్నాళ్లూ "మనమంతా ఫ్యామిలీ" అన్నవాళ్లు, బయటికొచ్చాక మెయిల్‌కి జవాబివ్వరు. ఫోన్లు దండగ. ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల వెబ్‌సైటు ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో కంపెనీ మీద ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు మెయిల్‌లో పెట్టాకే ఉత్తరం కదిలింది.

నిజానికి ఓవర్‌ల్యాప్ ఉన్నంత మాత్రాన బదిలీ క్లెయిమ్ తిప్పి పంపొద్దని, నిజంగా అవసరమైతేనే వివరణ అడగాలని ఈపీఎఫ్ఓ 2025 మే 20న సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రింటు తీసుకెళ్లి కౌంటర్లో పెట్టాను. మాట మర్యాద వెంటనే మారింది, కుర్చీ కూడా చూపించారు. మీరూ ఓ కాపీ పట్టుకెళ్లండి.

బదిలీ అయిపోయినా తేదీ మాత్రం సరిచేయించుకోండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు ఈ సర్వీస్ హిస్టరీనే చూస్తారు, వాళ్లకి సర్క్యులర్‌తో పనిలేదు. పాతచోట వదిలిన తేదీ, కొత్తచోట చేరిన తేదీ ఒకటే అయినా ఒక రోజు ఓవర్‌ల్యాప్ కిందే లెక్క, కాబట్టి చేరడానికి కనీసం మర్నాటి తేదీ అడగండి. రాజీనామా చేసేటప్పుడే పేరోల్‌కి ఒక మెయిల్ పెట్టండి: ఆపిన జీతం మీద పీఎఫ్‌ని పనిచేసిన నెలకే కట్టండి, ఎగ్జిట్ తేదీ రిలీవింగ్ లెటర్ ప్రకారమే వేయండి అని. ఈ రెండు వాక్యాలు పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదని ఇప్పుడు కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నా.

బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పెన్షన్ గడి దగ్గర సున్నా చూసి కంగారుపడకండి. ఉద్యోగి వాటా, కంపెనీ వాటా మాత్రమే డబ్బుగా కదులుతాయి. నెలనెలా పెన్షన్‌కి పోయే 8.33 శాతం (15,000 వేతన పరిమితి మీద 1,250 రూపాయలు) అలా బదిలీ కాదు, సర్వీసు కాలంగా అనెగ్జర్ కె (పాత ఖాతా, సర్వీసు వివరాలుండే బదిలీ పత్రం) ద్వారా వెళ్తుంది. ఆ కాగితం పాత ఆఫీసు నుంచి కొత్త ఆఫీసుకి చేరిందో లేదో కనుక్కోండి. అందులో వదిలిన తేదీ సవరించినదేనా, పాతదేనా అన్నదీ చూడండి.