బస్సు గడిలో 1

మంగళవారం. పొద్దుటి నుంచీ 2011 జనగణన గ్రామ పట్టికతోనే సరిపోయింది. ఊరికో వరుస. బస్సు గడిలో, ఊళ్లో ఆగితే 1, లేకపోతే 2. లేనప్పుడు పక్కన ఒక అక్షరం: ఐదు కిలోమీటర్ల లోపు దొరికితే ‘ఎ’, పది లోపైతే ‘బి’, పది దాటితే ‘సి’. అర కిలోమీటరు నడిచే ఊరికీ, నాలుగున్నర నడిచే ఊరికీ అదే ‘ఎ’.

అసలు పేచీ ‘ఊరు’ అన్న మాట దగ్గరే. ఈ లెక్క రెవెన్యూ గ్రామానిది. పొలిమేరలో ఉన్న తండా, గూడెం, శివారు పల్లె అన్నీ ఒకే వరుసలో కలిసిపోతాయి. బస్సు పెద్దూరి రచ్చబండ దగ్గరే వెనక్కి తిరిగినా, అవతల రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న తండాకూ ఆ 1 వర్తించినట్టే. జనాభా గడిలో సున్నా ఉన్నవి బేచిరాగ్ గ్రామాలు. సర్వే నంబర్లుంటాయి, పొలాలుంటాయి, దీపం పెట్టే ఇల్లు ఉండదు. సగటు తీసే ముందు వాటిని పక్కన పెట్టాలి.

అక్షరాస్యత శాతంలో చాలామంది తప్పులో కాలేస్తారు. 640 మంది ఊళ్లో ఏడేళ్లు నిండనివాళ్లు 80, చదవడం రాయడం వచ్చినవాళ్లు 308 అనుకుందాం. ఆ 80 మంది ఈ లెక్కలోకి రారు. 308ని 640తో కాదు, 560తో భాగించాలి. 48 కాస్తా 55 అవుతుంది.

వలసను మాత్రం ఏ గడీ పట్టుకోదు. 2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా నడిచింది. వానాకాలం పంట ఇంటికొచ్చాక ఇటుక బట్టీలకు, కట్టడం పనులకు జనం వెళ్లిపోయే రోజులవి. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లు ఉన్నచోటే లెక్కలోకి వస్తారు. పాలమూరు వైపు పల్లెల అంకెలు చూసేటప్పుడు ఇది గుర్తుండాలి. 2011లో లాగే 2027 జనగణనకూ మార్చి 1నే ప్రామాణిక తేదీ.

రోడ్డు మంజూరుకు మాత్రం కొలత రెవెన్యూ గ్రామం కాదు, ఆవాసం, అంటే తండా, గూడెం లాంటి ఒక్కో విడి పల్లె. 2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతానికి కనీసం 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాలకు 250 మంది; మొదట్లో అదీ 2001 లెక్క ప్రకారం, 2024లో ఆమోదించిన నాలుగో దశలో 2011 లెక్క ప్రకారం. మైదానంలో 500 మీటర్ల లోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి చూపొచ్చు. 470 మంది ఉన్న పల్లె ఒక్కటే అయితే జాబితాకెక్కదు. గట్టు అవతలి 60 మందిని కలిపితే ఎక్కుతుంది. ఆ కొద్ది ఇళ్లనూ దరఖాస్తులో వదిలేస్తే పోయేది అదీ ఇదీ కాదు, రోడ్డే.

రోడ్డు పడితే బస్సు వచ్చేసినట్టేనని అనుకోవడం మరో పొరపాటు. తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, బస్సు వెడల్పు రెండున్నర. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఒక పక్క చక్రాలు బెర్మ్ మీదికి, అంటే తారు పక్కనున్న మట్టి అంచు మీదికి దిగాల్సిందే. నల్లరేగడిలో ఒక్క వాన పడ్డాక ఆ బెర్మ్ చక్రాన్ని మింగేస్తుంది. బస్సు అడిగే ముందు చూడాల్సినవి మూడు: బెర్మ్ గట్టిదనం, కల్వర్టు దగ్గర మలుపు, చివర్న బస్సు తిరిగేంత జాగా. రచ్చబండ చుట్టూ అరుగులు ముందుకొచ్చి, వేపకొమ్మలు, కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటే డ్రైవర్ ఊరి బయటే ఆపేస్తాడు.

బస్సు వేళ కూడా రాసుకోవాలి. బడి గంట కొట్టాక వచ్చే బస్సు పిల్లలకెందుకు? తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. బస్సు రాని ఊళ్లో మాత్రం వాళ్లు షేర్ ఆటోకి డబ్బు కడుతూనే ఉన్నారు.

పట్టికలో లేని గడి ఒకటి పెన్సిల్‌తో గీశాను: నైట్ హాల్ట్ ఉందా? రాత్రి ఊళ్లోనే నిద్రచేసే బస్సు తెల్లారి ఇక్కడి నుంచే బయల్దేరుతుంది కాబట్టి పాలక్యాన్లు, కూరగాయల గంపలు సంతవేళకు అందుతాయి. ఆ గడిలో అవునో కాదో రాయాలంటే ఊరివాళ్లను అడగాల్సిందే.